వానలేని రోజుల లెక్క

మా నాన్నగారు పోయిన తరువాత శృంగవరపుకోటలోని ఇల్లు ఖాళీ చేస్తూండగా, అటక మీది ట్రంకుపెట్టెలో ఆయన వాతావరణపు పుస్తకాలు బయటపడ్డాయి. బడిపిల్లలు వాడే రూళ్ళ పుస్తకాలే. చాలావాటిని చెదలు తినేశాయి. చేత్తో ఎత్తగానే కొన్ని పొడిగా రాలిపోయాయి. చదవగలిగిన స్థితిలో మిగిలినవి రెండే: 2002, 2003.

ప్రతి పుటలోనూ నాలుగు గడులు. తేదీ, మధ్యాహ్నం రెండున్నర గంటల ఎండ, గాలి దిక్కు, ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచిన వాన. 2003 మే నెల పుట తెరిచి చూస్తే చివరి గడి పొడుగునా సున్నలే. ఒకదాని కింద ఒకటి, పూసలు గుచ్చినట్టు. ఒక్క సున్ననైనా తొందరపడి గీకినట్టు లేదు. ఆయన బడిపంతులు. సున్నకు కూడా దస్తూరీ ఉంటుందని నమ్మే మనిషి.

ఆ రోజుల్లో ఎదురింటి రైతు అరుగు మీద చతికిలబడి అడిగిన ప్రశ్న నాకింకా చెవుల్లో ఉంది. "వానే లేదు గదా, రోజూ ఏటి రాస్తన్నారు మేస్టారూ?" నాన్నగారు కళ్ళజోడు పైకి తోసుకుని చెప్పారు: "గడి ఖాళీగా ఉంటే నేను చూడలేదని అర్థం. సున్న ఉంటే చూశాను, వాన లేదని అర్థం. రెండూ ఒకటి కావయ్యా."

ఆ మాట పట్టుకునే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. మన ప్రాంతంలో ఆకాశాన్ని జీతం లేకుండా కనిపెట్టుకుని కూర్చున్న మనుషుల చరిత్ర ఒకటి ఉంది. అది మనం అనుకునే దానికంటె పాతది.

ముందుగా మా ఊరి ఎండ గురించి చెప్పాలి. శృంగవరపుకోట తూర్పు కనుమల పాదాల దగ్గర ఉంది. పడమరగా అనంతగిరి, అరకు కొండలు. ఊరికి ఆనుకునే పుణ్యగిరి, దాని జలధార. తూర్పున ఎక్కడో దూరంగా సముద్రం. వేసవిలో మా ఊరికి ఈ రెండు దిక్కులతోనూ పేచీయే. సముద్రపు గాలి విశాఖపట్నాన్ని మధ్యాహ్నానికే చల్లబరుస్తుంది గాని, లోపలికి వచ్చేసరికి దాని తడి ఆరిపోయి, పొద్దు కూడా వాలుతుంది. ఈలోగా పడమటి గాలి పని కానిచ్చేస్తుంది. కొండ దిగే పొడిగాలి దిగినకొద్దీ ఒత్తిడికి లోనై వేడెక్కుతుంది, కిలోమీటరు దిగితే సుమారు పది డిగ్రీలు. అరకులోయ తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ దుప్పటి కప్పుకోబుద్ధయ్యే గాలే మా వీధిలోకి దిగేసరికి వడగాలి అవుతుంది. అరకు వెళ్ళే యాత్రికులు మా ఊళ్ళో టీ తాగడానికి ఆగి, "ఇంకెంత దూరం?" అని ఎందుకంత ఆత్రంగా అడిగేవారో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అయితే ఆ కొండలే మాకు మందు కూడా. మామూలు సంవత్సరాల్లో వైశాఖమాసపు మధ్యాహ్నం మూడు దాటాక అనంతగిరి వైపు మబ్బు గోపురంలా లేస్తుంది. ఉరుము, గాలిదుమారం, రాలిన మామిడికాయలు, అరగంట జడివాన. ఆ రాత్రికి నిద్ర పడుతుంది. ఆ మబ్బు లేవని వేసవే మాకు అసలైన వేసవి. 2003 అటువంటిది.

జనం ఇటువంటి సంవత్సరాలను ఎలా గుర్తు పెట్టుకున్నారు? అంకెలతో కాదు, పేర్లతో. 1832-33 నాటి గుంటూరు కరువు నందననామ సంవత్సరంలో వచ్చింది కనుక నందన కరువైంది. డొక్కల కరువన్నది దాని మరో పేరు. 1876లో మొదలై రాయలసీమను ఊడ్చిపెట్టినది ధాత కరువు. అరవై పేర్ల చక్రమే మన జనసామాన్యపు దస్తావేజుల గది. అందులో దుఃఖం భద్రంగా ఉంటుంది గాని కొలత ఉండదు. పైగా చక్రం కనుక, ఆ పేరు మళ్ళీ వచ్చినప్పుడు జనానికి గుబులు. 1996లో ధాత తిరిగి వచ్చింది. ఆ ఏడు నవంబరులో కోనసీమను ముంచినది కరువు కాదు, తుపాను. పేరు అదే, ఆకాశం వేరు. 2002 చిత్రభాను, 2003 స్వభాను. వరుసగా రెండేళ్ళ పేర్లలోనూ భానుడే కొలువుండటం మా ఇంట్లో చాలాకాలం వేళాకోళానికి పనికివచ్చింది.

కొలత మనకు తెలియదని దీని అర్థం కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో మూరెడు వెడల్పున్న పాత్రను పెట్టి వాన కొలవమన్న విధానం ఉంది. ఏ దేశానికెంత వానో ద్రోణాల లెక్కలో ఉంది. మన గోదావరి ఎగువ తీరాలు కలిసిన అశ్మకదేశానికి పదమూడున్నర ద్రోణాలు. ఉగాదినాడు పంచాంగంలో వినే తూముల లెక్క, సముద్రానికింత, కొండలకింత, నేలకింత అనే పంపకం, ఆ కొలతకు దూరపు చుట్టం కావచ్చుననిపిస్తుంది. కాని ఒక తేడా ఉంది. పంచాంగం రాబోయే వాన చెబుతుంది. పాత్ర వచ్చిన వాన చెబుతుంది. నాన్నగారు ఉగాదికి పంచాంగ శ్రవణం తప్పకుండా వినేవారు, తూములు కూడా పుస్తకం మొదటి పుటలో రాసుకునేవారు. ఏడాది చివర వాటి పక్కన ఏమీ రాసేవారు కాదు. అది మర్యాదో, వ్యంగ్యమో నాకు తెలియలేదు.

ఇక విశాఖపట్నం సంగతి. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేవరకూ మా శృంగవరపుకోట విశాఖపట్నం జిల్లాలోని తాలూకా కేంద్రమే. కనుక ఇది మా జిల్లా కథగానే చెప్పుకునే హక్కు నాకుంది.

గోడే వెంకట జగ్గారావుగారు 1817లో పుట్టిన జమీందారీ కుటుంబీకుడు. యువకుడిగా ఉండగానే మద్రాసు వెళ్ళి, అక్కడి ఖగోళ వేధశాలలో కుంపిణీ జ్యోతిశ్శాస్త్రజ్ఞుడైన థామస్ గ్లాన్‌విల్ టేలర్ దగ్గర శిష్యరికం చేశారు. తిరిగివచ్చి 1840లో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని తమ ఇంట సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు. దూరదర్శిని, కాలమానయంత్రం, మిగిలిన సరంజామా అంతా సమకూర్చుకున్నారు. ఆ రోజుల్లో మన జమీందార్లు ఏనుగుల మీద, భోగం మేళాల మీద, కోర్టు వ్యాజ్యాల మీద పెట్టిన సొమ్ముతో పోలిస్తే ఇది విపరీతమైన ఖర్చేమీ కాదు. విపరీతమైనది ఆ అభిరుచి. ఇవాళ డాబాగార్డెన్స్ అనగానే అంగళ్ళు, ఆటోలు తప్ప ఎవరికీ నక్షత్రాలు గుర్తుకురావు.

జగ్గారావుగారు 1856లో మరణించారు. ఔత్సాహికుల కథలు సాధారణంగా ఇక్కడే ముగుస్తాయి. మనిషి పోతాడు, సామాను అటకెక్కుతుంది, తరువాత చెదలు. ఇక్కడ మాత్రం అలా జరగలేదు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు, డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసినవారు, మామగారి వేధశాలను చేపట్టారు. ఆరంగుళాల దూరదర్శిని తెప్పించారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నడిచిన అరుదైన ఘట్టాన్ని విశాఖ నుంచి పరిశీలించారు. ఇంగ్లండులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి సభ్యులయ్యారు. 1892లో ఆయన పోయాక భార్య అచ్చయ్యమ్మగారు, కుమారుడు అంకితం వెంకట జగ్గారావుగారు దానిని నిలబెట్టారు. మూడు తరాలు, యాభయ్యేళ్ళ పైచిలుకు.

శుక్రసంక్రమణం గురించి ఎవరైనా రాస్తారు. నన్ను ఆకర్షించినది వేరు. ఆ వేధశాల వాతావరణాన్ని కూడా నమోదు చేసింది. దాని వాతావరణ పరిశీలనల ఫలితాలు 1890లలో పుస్తకాలుగా అచ్చయ్యాయి. శుక్రుడు సూర్యుడికి అడ్డం రావడం నూరేళ్ళకు ఒకటి రెండుసార్లు జరిగే పండుగ. వానపాత్ర చూడటం రోజూ చేసే చాకిరీ. పండుగ చేసేవారు చాలామంది ఉంటారు. చాకిరీని అచ్చువేయించేంత గౌరవంతో చూసినవారు తక్కువ.

ఆ పదేళ్ళలోనే, 1896-97లో, విశాఖపట్నం, గంజాం జిల్లాలు కరువు చూశాయి. అంతకు ముప్ఫయ్యేళ్ళ ముందు, 1865 వానలు మధ్యలోనే నిలిచిపోవడంతో, 1866లో పక్కనున్న ఒరిస్సాలో దాదాపు పదిలక్షల మంది చనిపోయారు. గంజాం కూడా ఆ కరువులో మాడింది. వానలేని రోజులను లెక్కపెట్టడం కాలక్షేపం కాదని ఈ నేలకు తెలిసినంతగా మరెక్కడా తెలియదేమో.

ఇదే కాలంలో ఇంగ్లండులో జార్జి సైమన్స్ అనే యువకుడు ఒక విచిత్రమైన పని మొదలుపెట్టాడు. 1850లలో అక్కడ వరుసగా కొన్నేళ్ళు వానలు తగ్గాయి. అసలెంత తగ్గాయో చెప్పగల లెక్క దేశంలో ఎక్కడా ఒకచోట లేదు. 1860లో 168 మంది పరిశీలకుల అంకెలు పోగుచేసి ప్రచురించాడు. చర్చి ఫాదర్లు, వైద్యులు, భూస్వాములు, ఎవరి పెరట్లో వారు పాత్ర పెట్టుకుని కొలిచినవారే. శతాబ్ది చివరకు ఆ సంఖ్య మూడువేలు దాటింది. ఆయన పేరనే 'సైమన్స్ వానమాపకం' మన తాలూకా కచేరీల ఆవరణల్లోకీ వచ్చింది. అయిదంగుళాల వెడల్పు గరాటు, లోపల సీసా, పక్కన కొలతగాజు. వానలేమి వల్లనే వాన కొలిచేవాళ్ళు పుట్టుకొచ్చారన్నది అక్కడా ఇక్కడా ఒక్కటే.

మనదేశపు వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. దాని మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ కుర్చీలో సర్దుకునేలోపే ధాత కరువు వచ్చిపడింది. హిమాలయాల మంచుకూ, రాబోయే వర్షాలకూ సంబంధం ఉందని భావించి, 1886 జూన్ 4న ఆయన మొదటి ఋతుపవన సూచన వెలువరించాడు. దాని వెనుక దేశమంతటా ఎందరో గుమాస్తాలు, బంట్రోతులు, రోజూ ఉదయం గరాటు ఎత్తి రాసిన అంకెలున్నాయి. వాళ్ళకు జీతముంది, నిజమే. కాని వానలేని రోజున పాత్ర దాకా నడిచి వెళ్ళారా, గదిలో కూర్చునే సున్న వేశారా అన్నది వాళ్ళ మనస్సాక్షికే తెలియాలి. ఈ విషయంలో ఔత్సాహికుడిదే పైచేయి అని నా పక్షపాతం. అతనిని అడిగేవాడు లేడు గనుక అబద్ధమాడవలసిన పని కూడా లేదు.

ఇప్పుడు మళ్ళీ మా వసారాకు వస్తాను.

2002 జూలైలో దేశం మొత్తం మీద కురవవలసిన వానలో సగమే కురిసింది. ఆ ఎండిన ఏడాది మీదకే 2003 వేసవి వచ్చిపడింది. మే, జూన్ నెలల వడగాడ్పులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. మా ఊళ్ళో నాన్నగారూ, పదవీ విరమణ చేసిన ఒక పోస్టుమాస్టరుగారూ, కొండవైపు తోట ఉన్న ఒక రైతూ, ఈ ముగ్గురూ అప్పటికి కొన్నేళ్ళుగా ఎండావానల లెక్క రాస్తున్నారు. నాన్నగారి వానపాత్ర రేకుపని చేసే ఆయన చేత చేయించిన నిటారు డబ్బా. గోడలు నిటారుగా ఉంటే లెక్కలతో పనిలేదు, స్కేలు పెట్టి లోతు చూడటమే. ఉష్ణమాపకం మందుల షాపువాళ్ళు ప్రకటన కోసం ఇచ్చిన చెక్కపలక మీదిది. అది ఆ క్షణపు వేడినే చూపుతుంది, గరిష్ఠాన్ని గుర్తుంచుకోదు. కనుక రోజులో అత్యంత ఘోరమైన సమయానికి, చోడి అంబలి తాగి, తలకు తడి తువ్వాలు చుట్టుకుని, కునుకు మాని, ఆయన పడమటి వసారాలోకి వెళ్ళి చూడవలసి వచ్చేది.

ఆ మే నెలలో ఆయనకు ఊళ్ళో పెద్ద పలుకుబడి వచ్చింది. కిరాణా కొట్టు దగ్గర, గుడి దగ్గర, "మేస్టారూ, ఇయ్యాల ఎంత?" అని అడగనివాడు లేడు. ఆయన అంకె చెప్పడం, విన్నవాళ్ళు నోరు తెరవడం. నిజం చెప్పాలంటే ఆయనకది నచ్చింది. పెద్ద అంకె చెప్పిన సాయంత్రం నడకలో కొంచెం ఠీవి కనిపించేది.

చిక్కల్లా పోస్టుమాస్టరుగారి అంకెతో వచ్చింది. ఆయన ఉష్ణమాపకం ఉత్తరపు పెరట్లో, గోడకు దూరంగా, వేపచెట్టు నీడలో వేలాడేది. అది ఎప్పుడూ తక్కువ చూపేది. ఒకటి రెండు డిగ్రీలు కాదు, తోసిపుచ్చలేనంత తక్కువ. వారం రోజులు ఎవరి పరికరం చెడిందన్న వాదన నడిచింది. చివరకు నాన్నగారే తన పలకను భుజాన వేసుకుని వెళ్ళి, ఆ వేపచెట్టుకు పోస్టుమాస్టరుగారి దాని పక్కనే కట్టారు. మూడు రోజులు రెండూ ఒకే అంకె చూపాయి. పరికరం మంచిదే. తప్పు గోడది. పడమటి ఎండ తాగిన ఇటుకగోడ తన వేడిని ఉష్ణమాపకానికి అంటిస్తోంది. వాతావరణ శాఖవారు తెల్లరంగు వేసిన జల్లిచెక్కల పెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున, తలుపు ఉత్తరానికి ఉండేలా పరికరాలు పెట్టడం ఇందుకే. కొలవవలసింది గాలి వేడిని గాని గోడ వేడిని కాదు.

ఆ రోజు పుటలో అడ్డంగా ఒక ఎర్రగీత ఉంది. దాని కింద ఇలా రాసి ఉంది: 'దీనికి పైనున్న ఎండ అంకెలు నమ్మదగినవి కావు.' ఊరంతా చెప్పుకుంటున్న అంకెలను ఆయనే కొట్టేశారు. ఆ సాయంత్రం నుంచి కిరాణా కొట్టు దగ్గర చెప్పిన అంకె ఎవరికీ రుచించలేదు. "ఎండ తగ్గిందేటి మేస్టారూ?" అన్నారు. తగ్గలేదని ఒళ్ళు చెబుతోంది మరి.

అసలు సంగతి దీని తరువాత జరిగింది. మా వీధిలోకి తాటిముంజలు తెచ్చి అమ్మే ఒక పెద్దాయన, ఎర్రగీతకు నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం రోడ్డు పక్కన పడిపోయి చనిపోయాడు. అతని కొడుకు పది రోజుల తరువాత మా ఇంటికి వచ్చాడు. అరుగు ఎక్కకుండా కింద నిలబడే అన్నాడు: "మేస్టారూ, మా అయ్య పోయిన్రోజు ఎండెంతుందో మీ పుస్తకంలో ఉంటాదంట. ఓ కాయితమ్మీద రాసిచ్చీండి బాబూ." వడదెబ్బ మరణమని తేలితే ఏదో సాయం వస్తుందని ఎవరో చెప్పారట. ఆనాడు అధికారికంగా దొరికే దగ్గరి అంకె సముద్రపు ఒడ్డున కొలిచినది. కొండకింద ఊరి ఎండకు ఒడ్డున కొలిచిన అంకె సాక్ష్యం కాజాలదు. ఆ కుర్రవాడికి నాన్నగారి పుస్తకం తప్ప దిక్కులేదు.

ఎర్రగీతకు పైనున్న అంకె ఇస్తే సరిపోయేది. అది భయంకరంగా, నమ్మించేటట్టుగా ఉంది. నేనప్పుడు సెలవులకు ఇంట్లోనే ఉన్నాను. ఇచ్చేయమనే అన్నాను. ఆయన చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నారు. పోస్టుమాస్టరుగారింటికి వెళ్ళి ఆ రోజు వేపచెట్టు అంకె తెచ్చుకున్నారు. కాగితం మీద రెండూ రాశారు. మొదటిది పడమటి గోడ మీది ఉష్ణమాపకం చూపినది, నిజం కన్నా ఎక్కువ కావచ్చు. రెండవది చెట్టునీడలోది. తేదీ, సమయం, సంతకం.

ఆ కాగితం ఎక్కడా చెల్లలేదు. రెండంకెలున్న కాగితాన్ని ఎవరు నమ్ముతారు? ఒకే రోజు, ఒకే ఊరు, రెండు ఎండలా అని అక్కడ నవ్వారట. కుర్రవాడు ఆ మాట వచ్చి చెప్పినప్పుడు నాన్నగారు నోరు మెదపలేదు. చెట్టునీడ అంకె ఒక్కటే ఇచ్చి ఉంటే ఏమయ్యేదో అని నేను తరువాత చాలాసార్లు అనుకున్నాను. అదీ నిజమే గదా, అదీ నలభైకి పైనే గదా. గోడ సంగతి ఎత్తకపోతే అబద్ధమేమీ లేదు. ఈ మాట ఆయనతో అన్నాను కూడా. "పుస్తకం నాది, వాళ్ళు పుస్తకం తెమ్మంటే?" అన్నారు. వాళ్ళు తెమ్మనలేదు. ఆయన చేసింది నిజాయితీయో, నిజాయితీ మీది మోజో, నేటికీ నాకు తేలలేదు.

తరువాత కాలం మారింది. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండువేల మందికి పైగా చనిపోయారు. మండల స్థాయిలో తనంత తానే నమోదు చేసుకునే వాతావరణ కేంద్రాలు వచ్చాయి. మైదానాల్లో నలభై, తీరప్రాంతంలో ముప్ఫయ్యేడు డిగ్రీలు దాటి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు అని వాతావరణ శాఖ నిర్వచనం. ఆ నలభై, ముప్ఫయ్యేడుల మధ్యనే మా శృంగవరపుకోట వంటి ఊళ్ళున్నాయి. జీతంలేని పరిశీలకులు కూడా కొత్త రూపంలో తిరిగి వచ్చారు. ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్‌గా పేరు పొందిన సాయి ప్రణీత్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూనే రైతులకు తెలుగులో వాన కబురు చెబుతూ వచ్చారు. 2021 జూలైలో ప్రధానమంత్రి మన్ కీ బాత్ ప్రసంగంలో ఆయన ప్రస్తావన వచ్చింది. అనంతగిరి మీద మబ్బు లేస్తే, మా ఊరివాళ్ళు తల ఎత్తి చూసేలోపే ఇప్పుడది ఉపగ్రహచిత్రంలో అందరికీ కనిపిస్తోంది. వీళ్ళ అంకెలను చూసినప్పుడు నాకు ముందుగా తోచే ప్రశ్న మాత్రం ఒకటే. ఆ ఉష్ణమాపకం ఏ గోడకు ఉంది?

పుస్తకాలు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. 2003 పుస్తకంలో ఎర్రగీత ఉన్న పుటలోనే ఆ కాగితపు కార్బను ప్రతి మడతపెట్టి ఉంది. ఊదారంగు అక్షరాలు వెలిసిపోయాయి, అంకెలు చదవవచ్చు. ముంజల పెద్దాయన పోయిన రోజుకు ఎదురుగా అంచులో అతని పేరు పెన్సిలుతో రాసి ఉంది. ఆ వరుసలో గాలి: పడమర. వాన: 0.